అప్‌డేట్: కిటికీ చెక్కకు కందిరీగ కట్టిన మట్టిగూడు సంగతి

వానలు మొదలైనప్పుడు కిటికీ చెక్కకు కందిరీగ మట్టిగూడు కట్టింది, పిల్లల్ని కుడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది, పీకేయమంటారా అని అడిగాను కదా. ఉండనివ్వమన్నారు, ఉంచాను.

నిన్న చూస్తే గూటికి గుండ్రంగా రెండు చిల్లులు. కొత్త కందిరీగలు ఎగిరిపోయాయి! మూడో గది మూత మాత్రం ఊడలేదు. గోటితో గిల్లితే పెళుసుగా విరిగింది. లోపల ఎనిమిది సాలీళ్లు, కాళ్లు ముడుచుకుని, ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయి. ఎండిపోయాయి. అందులో గుడ్డు చెడిపోయినట్టుంది. తల్లి కందిరీగ సాలీళ్లను చంపదు, కుట్టి కదలకుండా చేస్తుంది. అందుకే పిల్లపురుగు తినేదాకా కుళ్లవు. పాపం, ఆ సాలీళ్లను చూస్తే మనసు చివుక్కుమంది.

మండువేసవిలో మా ఇంట్లో ఒక్క గూడూ లేదు. ఇప్పుడు తడిమట్టికీ, చెట్లలో సాలీళ్లకూ కొదవ లేదు. ఇన్నాళ్లలో కందిరీగ ఎవరినీ కుట్టలేదు. పక్కనే ఇంకో గూడు మొదలైంది.