మే నెల చేపల ట్రిప్పు, మేపోర్ట్: వాలంటీర్ల థ్రెడ్

కోఆర్డినేటర్

పోయిన మీటింగులో చెయ్యెత్తిన వాళ్లందరినీ ఇందులోకి లాగాను. వాట్సాప్ గ్రూపులో ఇక బోట్ల మాట వద్దు. అక్కడ గుడ్ మార్నింగు పువ్వుల కింద పడి అసలు సంగతి కనిపించట్లేదు.

ఇప్పటికి ఖాయమైంది ఇంతే. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ దగ్గర మేపోర్ట్ రేవు నుంచి బోట్లు. మే మూడో శనివారం వేట. మర్నాడు హన్నా పార్కులో వంట, భోజనాలు. శనివారమే వండేద్దామని ఇద్దరు ముగ్గురు పట్టుబడుతున్నారు. మన జనంలో శనివారం నీచు ముట్టని ఇళ్లు ఎన్ని ఉన్నాయో వాళ్లకీ తెలుసు. ఐస్‌లో పెట్టిన చేపకి ఒక్క రాత్రిలో ఏమీ కాదు. వంట ఆదివారమే.

మే ఎందుకని మళ్లీ అడుగుతున్నారు. శ్రావణంలో సగం మంది తినరు, కార్తీకంలో ఇంకా ఎక్కువ మంది తినరు. పైగా ఫ్లోరిడాలో ఫ్లౌండర్ వేట అక్టోబరు 15 నుంచి నవంబరు 30 దాకా బంద్. సెప్టెంబరు తుఫాన్ల నెల. గ్రూపర్ జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా పట్టకూడదు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు. ఇవన్నీ చూస్తే మే నెలే నయం. అందులోనూ మదర్స్ డే వారం, మెమోరియల్ డే వారం వదిలేసి మూడో శనివారం పెట్టాం.

బోట్ల సంగతి అన్నయ్య చెప్తారు.

బోట్ల టీమ్

అందరూ ఒకసారి నిదానంగా చదవండి, తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడగొద్దు.

మామూలు చార్టర్ బోటులో డబ్బు కట్టి ఎక్కేవాళ్లు ఆరుగురికి మించకూడదు. కెప్టెన్‌కి కోస్ట్‌గార్డ్ ఇచ్చే లైసెన్సు అంతవరకే. అందుకే వాటిని సిక్స్‌ప్యాక్ అంటారు. చంకలో పిల్లాడైనా ఒక తలే. "మా బుడ్డోడు ఒళ్లో కూర్చుంటాడు" అంటే రేవులోనే ఆపేస్తారు. అంతకు మించి జనం ఒకే పడవలో వెళ్లాలంటే కోస్ట్‌గార్డ్ తనిఖీ చేసిన పెద్ద పడవ కావాలి, హెడ్‌బోటు అంటారు. తలకింత టికెట్టు. రెయిలింగు పొడుగునా గాలాలు, ఒకరి దారం ఇంకొకరి దారంలో చిక్కు, పక్కనెవరో ముక్కూమొహం తెలియదు. చవకే, కానీ పిల్లలతో వద్దని నా మాట.

ఇక ఇన్‌షోరా (ఒడ్డు లోపలి నీళ్లు), ఆఫ్‌షోరా (బయటి సముద్రం) అన్నది. కుర్రాళ్లంతా ఆఫ్‌షోర్ అంటున్నారు, ఫొటోలు చూసి. నా లెక్కలో ఐదు బోట్లు ఇన్‌షోర్‌కి, ఒక్కటే ఆఫ్‌షోర్‌కి. కారణం చెప్తాను.

ఇన్‌షోర్ అంటే అసలు సముద్రం మీదికి వెళ్లం. సెయింట్ జాన్స్ నది మూతి, ఇంట్రాకోస్టల్ కాలువ, వాటికి అటూ ఇటూ గడ్డి మధ్యలో చీలిపోయిన ఉప్పుటేర్లు. కోరంగి వైపు పడవ మీద తిరిగిన వాళ్లకి ఈ చోటు కొత్తగా అనిపించదు. అక్కడ మడ చెట్లు, ఇక్కడ నడుమెత్తు గడ్డి. ఆటుపోట్లకి నీళ్లు నాలుగైదు అడుగులు ఎక్కి దిగుతాయి. నీళ్లు తీసేటప్పుడు గడ్డిలో దాక్కున్న చిన్న చేపా, రొయ్యా ఏట్లోకి కొట్టుకొస్తాయి. ఏరు మలుపు తిరిగే చోట, ఆల్చిప్పల గట్టు పక్కన, రెడ్‌ఫిష్ నోరు తెరుచుకుని కాచుకుని ఉంటుంది. కెప్టెన్ పడవని చప్పుడు లేకుండా ఆ మూలకి చేర్చి, బతికున్న రొయ్యని గాలానికి గుచ్చి చేతికిస్తాడు. గుచ్చేది కొమ్ము కింద, తలలో నల్లగా కనిపించే చుక్కకి తగలకుండా. ఆ చుక్కకి తగిలితే రొయ్య అక్కడే చస్తుంది, చచ్చిన రొయ్య వెంట జెల్లలు తప్ప ఏవీ రావు. పైన బెండు ఉంటుంది. కర్రని ఒక్క గుంజు గుంజితే అది "గ్లుప్" అంటుంది. ఆ చప్పుడుకి ట్రౌట్ వస్తుంది. పదేళ్ల పిల్లకైనా పది నిమిషాల్లో పట్టుబడే పని.

పైగా గాలి లేస్తే ఇన్‌షోర్ కెప్టెన్ ఇంకో పాయలోకి తిప్పి గాలి మరుగున ఉంటాడు. ఆఫ్‌షోర్‌లో ఆ సదుపాయం లేదు. అలలు నాలుగడుగులుంటే ట్రిప్పే ఉండదు, ఉన్నా మీరే వద్దంటారు.

ఇంకోటి, ఈ రెడ్‌ఫిష్ మన కచ్చిడి కుటుంబమే. అంతర్వేదిలో వలకి చిక్కితే లక్షలు పలికిందని పేపర్లో వేస్తారు చూడండి, ఆ కచ్చిడి. రెడ్‌ఫిష్‌ని తోక మొదట్లో నల్ల మచ్చ చూసి గుర్తుపట్టండి. లక్షలు మాత్రం రావు.

యూత్ టీమ్

అన్నా, ఒక్క బోటేనా? మేం తొమ్మిది మందిమి ఉన్నాం. ట్యూనా, మాహీ పట్టాలని అందరి కోరిక. రెడ్ స్నాపర్ కూడా అక్కడ బోలెడు ఉంటుందంట కదా.

బోట్ల టీమ్

తమ్ముడూ, ఉంటుంది. ఉండటం వేరు, ఇంటికి తెచ్చుకోవడం వేరు. మూడు నాటికల్ మైళ్లు దాటితే ఫెడరల్ నీళ్లు, అంటే కేంద్ర ప్రభుత్వం రూలు. ఈ తీరంలో ఫెడరల్ నీళ్లలో రెడ్ స్నాపర్ సీజన్ 2024లో ఒక్క రోజు, 2025లో రెండు రోజులు, రెండేళ్లూ జూలైలోనే. మనం వెళ్లే రోజుకి సీజన్ తెరిచి లేకపోతే పడ్డ ప్రతి స్నాపర్‌నీ వదిలెయ్యాలి.

వదలడం కూడా నీళ్లలోకి విసిరెయ్యడం కాదు. లోతులోంచి గబగబా లాగితే లోపలి గాలి ఉబ్బి, దాని పొట్ట నోట్లోంచి ఎర్రటి బుడగలా బయటికొస్తుంది. అది పైనే తేలుతూ ఉంటే పక్షులకీ సొరలకీ ఆహారం. కాబట్టి బరువు కట్టిన కొక్కేనికి తగిలించి మళ్లీ లోతుకి దింపాలి. డిసెండింగ్ డివైస్ అంటారు. 2020 జూలై నుంచి అది బోటులో ఉండి తీరాలి. ఆ బుడగని సూదితో పొడవొద్దు, అది పొట్ట.

ట్యూనా, మాహీ గురించి. జాక్సన్‌విల్ ఎదురుగా సముద్రం చాలా దూరం మెరకగానే ఉంటుంది. ఇరవై మైళ్లు పోయినా వంద అడుగుల లోతు ఉండదు. అవి తిరిగే గల్ఫ్ స్ట్రీమ్ అనే వేడి నీటి ప్రవాహం తగలాలంటే అరవై మైళ్లు దాటాలి. అది పొద్దు పొడవక ముందు బయల్దేరి పొద్దుగూకాక వచ్చే ట్రిప్పు, డీజిల్ ఖర్చుకే కళ్లు తిరుగుతాయి. మనం తీసుకునేది దగ్గర్లోని కృత్రిమ రీఫుల (చేపలు చేరేలా అడుగున వేసిన దిబ్బల) దాకా వెళ్లొచ్చే ట్రిప్పు. కింగ్‌ఫిష్, బ్లాక్ సీబాస్, అదృష్టం బాగుంటే కోబియా. కింగ్‌ఫిష్ పడితే కర్ర చేతిలో ఉన్నవాడి మొహం చూడాలి, రీల్ అలా కేకపెడుతూ తిరుగుతుంది.

తొమ్మిది మందిలో ఆరుగురిని మీరే తేల్చుకోండి. ఇంతకుముందు సముద్రం మీద కక్కనివాళ్లకి మొదటి చోటు.

వంట టీమ్

కింగ్‌ఫిష్ అంటే వంజరమేనా? మా ఆయన నిన్నట్నుంచి అదే పాట.

బోట్ల టీమ్

అక్షరాలా అది కాదు వదినా, దాని పెదనాన్న కొడుకు అనుకోండి. రెండూ ఒకే కుటుంబం. ముక్క కోస్తే అలాగే గుండ్రంగా, మధ్యలో ఒకటే ముల్లుతో వస్తుంది. మూతి నుంచి తోక చీలిక దాకా 24 అంగుళాలుంటేనే ఉంచుకోవాలి.

హెల్త్ డెస్క్

ఇక్కడే ఒక బ్రేకు. కింగ్ మాకరెల్‌లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు అసలు తినకూడని చేపల జాబితాలో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) దాన్ని పెట్టింది. మన ఊళ్లో బాలింతకి చిన్న సొర పిట్టు చేసిపెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ జాబితాలో సొర కూడా ఉంది. దయచేసి వంట టీమ్ కింగ్‌ఫిష్ వేపుడుకి వేరే పెనం, వేరే ట్రే పెట్టి, ట్రే మీద పెద్ద అక్షరాలతో రాయండి. మిగతా పెద్దవాళ్లు ఒక పూట తింటే భయపడాల్సింది లేదు. పిల్లలకి రొయ్యలు, ఫ్లౌండర్, ట్రౌట్ వడ్డిద్దాం.

వాంతుల మాత్ర గురించి పది మెసేజీలొచ్చాయి. పడవ ఎక్కాక వేసుకుంటే పనికిరాదు. ముందు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి. ఇండియా నుంచి తెచ్చుకున్న అవోమిన్ చాలామంది ఇళ్లలో ఉంది. అది బాగా మత్తు, వేసుకుని కారు నడపొద్దు. ఇక్కడ మెక్లిజిన్ చీటీ లేకుండానే దొరుకుతుంది. చెవి వెనక అంటించే పట్టీకి డాక్టర్ చీటీ కావాలి. బీపీ, షుగర్, ప్రోస్టేట్ మందులు వాడే పెద్దవాళ్లు నాకు విడిగా రాయండి. పొద్దున్నే రెండు ఇడ్లీలు తినండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, మిరపకాయ బజ్జీలూ మంచివి కావు.

వంట టీమ్

రాసుకున్నాను. ఇప్పుడు నా గోడు. రేవులో చేపలు కోసే కుర్రాడు చర్మం, తల, ముళ్లు అన్నీ తీసి పెలికన్లకి విసిరి, తెల్లటి పీచు ముక్క చేతిలో పెడతాడు. దాంతో పులుసు కాయడం నా వల్ల కాదు. తల లేని పులుసు ఎవరు తింటారు? ప్రతి బోటులో ఒకరు బాధ్యత తీసుకుని ముందే చెప్పాలి: పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి, తలతో సహా ఉంచమని. కింగ్‌ఫిష్ మాత్రం అడ్డంగా అంగుళం మందాన ముక్కలు.

పెద్ద రెడ్‌ఫిష్ పొలుసు మన కత్తిపీటకి లొంగదట. దాన్ని చర్మంతోనే సగానికి చీల్చి, పొలుసు వైపు నిప్పుల మీద పెట్టి కాలుస్తారట. అది గ్రిల్ టీమ్‌కి ఇచ్చేస్తున్నా. అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మకాయ నేను కలిపి ఇస్తాను. పులుసుకి చింతపండు, మామిడికాయ రెండూ తెస్తాను. శాకాహారుల పొయ్యి, గరిటెలు వేరే పందిరి కింద, గాలికి పై వైపున.

బోట్ల టీమ్

వదినా, కోత ఎలాగైనా సరే, అది రేవుకి వచ్చాకే. సముద్రంలో పట్టిన చేపని తల, రెక్కలు ఉండగానే ఒడ్డుకి తేవాలి, పడవలో ముక్కలు చెయ్యకూడదు. ఆఫీసర్ కొలిచి చూస్తాడు.

కొలతల మాట వచ్చింది కాబట్టి: రెడ్‌ఫిష్ 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటేనే మనది. చిన్నదీ పెద్దదీ నీళ్లకే. పడవ మొత్తానికి నాలుగే. ట్రౌట్ 15 నుంచి 19. ఫ్లౌండర్ కనీసం 14. ఇవి మారుతుంటాయి, ముందు రోజు రాష్ట్ర మత్స్యశాఖ పేజీ ఒకసారి చూసి నేను మళ్లీ పెడతాను.

ట్రెజరర్

మూడు మాటలు. ఒకటి, గాలానికి పడ్డ చేపని ఇక్కడ అమ్మకూడదు, అది నేరం. కాబట్టి ఆదివారం భోజనానికి "చేప ప్లేటు ఇంత" అని టేబుల్ పెట్టొద్దు. ఫండ్ రైజింగ్ చీరల స్టాలుతో చేసుకుందాం. రెండు, బోటు ధరలో టిప్పు ఉండదు. డెక్కు మీద పనిచేసే కుర్రాడికి 15 నుంచి 20 శాతం ఇక్కడి ఆనవాయితీ, నోట్ల రూపంలో. ఆ డబ్బు ముందే వసూలు చేస్తున్నాను. రేవులో "నేను చిల్లర తేలేదు" అన్న మాట వినదలుచుకోలేదు. మూడు, చేపలు పడకపోయినా బోటు డబ్బు వెనక్కి రాదు.

కోఆర్డినేటర్

చేపలు పడకపోతే అన్న మాటకి: శనివారం సాయంత్రం మేపోర్ట్ రేవులో రొయ్యలు కొనేస్తాం. అక్కడ రొయ్యల పడవలు ఉండనే ఉన్నాయి. ఇగురు ఖాయం.

పెద్దల టీమ్

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఫిషింగ్ లైసెన్సు కావాలా? మా మామగారిది భీమిలి, గాలం అంటే ప్రాణం. 65 దాటితే అక్కర్లేదని ఎవరో అన్నారు.

బోట్ల టీమ్

ఆ మినహాయింపు ఫ్లోరిడా నివాసులకే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి వర్తించదు. చార్టర్ బోటు ఎక్కితే మాత్రం బోటు లైసెన్సు అందరికీ సరిపోతుంది. ఆదివారం పార్కులో ఒడ్డున గాలం వేస్తానంటే మాత్రం మూడు రోజుల నాన్ రెసిడెంట్ సాల్ట్‌వాటర్ లైసెన్సు తీసుకోండి, 17 డాలర్లు. ఇక్కడ ఉంటున్నవాళ్లకి ఒడ్డు నుంచి వేసే లైసెన్సు ఉచితమే, కానీ తీసుకోవాలి. 16 ఏళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు.

మామగారిని నా బోటులో వెయ్యండి. గాలిని చూసి ఆయన చెప్పేది వినాలని నాకూ ఉంది.

పిల్లల టీమ్

చట్ట ప్రకారం 26 అడుగుల లోపు పడవలో ఆరేళ్ల లోపు పిల్లలకే లైఫ్‌జాకెట్ తప్పనిసరి. మన రూలు వేరు: పన్నెండేళ్ల దాకా అందరికీ, పడవ ఆగి ఉన్నా సరే. సైజులు నాకు పంపండి. నీళ్లలో దిగే పిల్లలు కాళ్లు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి. కింద టేకు చేప (తోకలో ముల్లుండే స్టింగ్‌రే) ఉంటే తప్పుకుంటుంది. బోటు ఎక్కని పిల్లల్ని శనివారం నది దాటే ఫెర్రీలో అవతలి ఒడ్డుకి తిప్పి తెస్తాం, కార్లతో సహా ఎక్కిస్తారు కాబట్టి వాళ్లకి అదే పెద్ద సరదా.

పూజ టీమ్

బోటు కదిలే ముందు కొబ్బరికాయ కొట్టి, అరటిపళ్లు నైవేద్యం పెట్టి, తలా ఒకటి పంచుదామనుకుంటున్నాం. డజన్లు ఎన్ని తెమ్మంటారు?

బోట్ల టీమ్

బాబాయ్, అరటిపళ్లు వద్దు! ఇక్కడి కెప్టెన్లకి పడవలో అరటిపండు అంటే మహా అపశకునం, చేప పడదని నమ్మకం. నవ్వులాటగా చెప్తారు కానీ కొందరు నిజంగానే సంచి వెతికి నీళ్లలోకి విసిరేస్తారు. మనకి పిల్లి ఎదురొచ్చినట్టే.

పూజ టీమ్

నైవేద్యానికి అరటిపండు లేకుండానా? సరే, బెల్లం ముక్క, ద్రాక్షపళ్లు. కొబ్బరికాయ మాత్రం రేవు గట్టు మీద కొట్టి తీరాలి. చిప్పలు నీళ్లలో వెయ్యం, నేనే సంచిలో తెచ్చుకుంటా.

కోఆర్డినేటర్

అలాగే బాబాయ్ గారూ. దోసకాయ ముక్కలు కూడా పెట్టండి, ఎండకి బాగుంటాయి.

బోట్లకి అడ్వాన్సు ఈ శుక్రవారం కడుతున్నాం. గురువారం రాత్రి లోపు షీటులో పేరు, ఫోను, మాత్రల వివరం, ఇన్‌షోరా ఆఫ్‌షోరా అన్నది నింపని వాళ్లకి చోటు ఉండదు. వాతావరణం సంగతి బుధవారం నుంచి రోజూ పెడతాం. అలల ఎత్తొక్కటే చూసి కంగారు పడొద్దు, పక్కన సెకన్లు కూడా చూడండి. మూడడుగుల అల తొమ్మిది సెకన్లకొకటి వస్తే పడవ మెల్లగా ఎక్కి దిగుతుంది, అదే మూడడుగులు నాలుగు సెకన్లకొకటి వస్తే నడుం విరుగుతుంది. కెప్టెన్ వద్దంటే వద్దు. ఆయనతో బేరాలు లేవు, నాతో అసలు లేవు.

యూత్ టీమ్

అక్కా, ఆరుగురిని తేల్చుకోలేకపోతున్నాం. చీట్లు వేస్తున్నాం. ఓడిపోయిన ముగ్గురు ఇన్‌షోర్‌లో, మామగారి బోటులోకి వస్తామంటున్నారు.

బోట్ల టీమ్

రమ్మను. సరిగ్గా మూడు చోట్లే ఉన్నాయి. తెల్లవారుజామున ఐదున్నరకి రేవులో ఉండాలి. అడుగున నల్ల రబ్బరున్న బూట్లు వద్దు, డెక్కు మీద మరకలు పడతాయి.