కొన్న ఇంటి స్విమ్మింగ్ పూల్‌ని క్లోరిన్‌కి మార్చాలా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలా?

కమ్మింగ్_కాపురం
అందరికీ నమస్కారం. మార్చిలో జార్జియాలోని కమ్మింగ్‌లో ఇల్లు కొన్నాం. వెనకాల పూల్ ఉంది. 20,000 గ్యాలన్లు, వినైల్ లైనర్ (లోపల పరిచే ప్లాస్టిక్ షీటు), సాండ్ ఫిల్టర్. పూల్ అంటే క్లోరినే అనుకునేవాణ్ణి. పాత ఓనర్లు వాడింది బైగ్వనైడ్ అట, క్లోరిన్‌కి బదులు క్రిముల్ని చంపే మందు, దాంతోపాటు నెలనెలా పెరాక్సైడ్ పోయాలట. షెడ్డులో నాలుగు డబ్బాలు వదిలేసి వెళ్లారు.

రెండు నెలలు తిరక్కుండానే నీళ్లు మసకబారాయి. మెట్ల కింద గులాబీ రంగు జిగురు, గీస్తే గోటి సందుల్లోకి వస్తోంది. షాపుకి సీసాలో నీళ్లు పట్టుకెళ్తే ఫ్రీగా టెస్ట్ చేసి, 240 డాలర్ల మందుల చీటీ చేతిలో పెట్టారు. పక్కింటాయన క్లోరిన్‌కి మారిపొమ్మంటాడు. పాపకి ఎగ్జిమా ఉంది కాబట్టి మా ఆవిడ వద్దంటోంది. మారాలంటే నీళ్లన్నీ తోడేయాలా? మీరైతే ఏం చేస్తారు?

ఫ్రిస్కో_పూలోడు
మారిపో బ్రో. ఆలోచించడానికేం లేదు. నేను నాలుగేళ్ల కింద ఇదే పని చేశా. బైగ్వనైడ్ మొదట రెండు మూడేళ్లు బాగానే ఉంటుంది, తర్వాత దానికి లొంగని జిగురు మొదలవుతుంది. ఆ 240 డాలర్ల చీటీ ప్రతి నెలా వస్తుంది.

నీళ్లు మాత్రం తోడకు. నీళ్ల బరువు తీసేస్తే వినైల్ లైనర్ ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదీస్తే చిరుగుతుంది. కాంక్రీట్ పూల్ అయినా అంతే. వానల తర్వాత నేల నీళ్లు తాగి ఉన్నప్పుడు ఖాళీ చేస్తే తొట్టి మొత్తం పడవలా పైకి లేస్తుంది.

పెరాక్సైడ్ ఇవాళే ఆపు. అది ఉన్నంతసేపూ క్లోరిన్‌ని మింగేస్తూనే ఉంటుంది. వారం పది రోజులు ఆగి లిక్విడ్ క్లోరిన్ మొదలుపెట్టు. 10 శాతంది ఒక గ్యాలన్ పోస్తే నీ పూల్‌లో 5 పీపీఎం (పది లక్షల పాళ్ల నీళ్లకి అయిదు పాళ్లు) పెరుగుతుంది. 15 దాకా తీసుకెళ్లాలి, అంటే మూడు గ్యాలన్లు. పడిపోయినప్పుడల్లా మళ్లీ 15కి ఎక్కించు. నాకు ఎనిమిది రోజులు, 37 గ్యాలన్లు పట్టింది. మొదట పసుపు, తర్వాత పాచి రంగు, తర్వాత బియ్యం కడిగిన నీళ్లు. భయపడకు. క్లియర్ అయ్యాక ఫిల్టర్‌లో ఇసుక మార్చెయ్, పాత ఇసుక నిండా ఆ జిగురే ఉంటుంది.

ఆల్ఫారెట్టా_అక్క
15 పీపీఎం అని అంత తేలిగ్గా చెప్పేస్తున్నావేంటి తమ్ముడూ? తాగే నీళ్లకి ఈ దేశంలో గరిష్ఠం 4. ఎగ్జిమా ఉన్న పాప సంగతి చదివావా అసలు?

మాకు క్లోరిన్ అనుభవం ఉంది. రెండేళ్ల కింద అద్దింట్లో పూల్ ఉండేది. పేపర్ స్ట్రిప్ ముంచితే తెల్లగానే ఉండేది, సున్నా అన్నమాట. మావారు ఇంకో గ్యాలన్ పోశారు. మళ్లీ సున్నా. ఇంకోటి పోశారు. ఆ సాయంత్రం పిల్లలు దిగి వచ్చేసరికి నేవీ బ్లూ స్విమ్‌సూట్లు వెలిసిన జీన్స్ రంగుకొచ్చాయి, వాళ్ల కళ్లు మిరపకాయలు. ఇప్పుడు మా సొంత పూల్‌లో బైగ్వనైడే. కాంటాక్ట్ లెన్సులు కడిగే ద్రావణాల్లో వాడేదీ అదే రకం. ఖర్చెక్కువ, ఒప్పుకుంటా. కానీ కళ్లు మండవు, వాసన రాదు.

ఇంకో మాట. 2024 సెప్టెంబర్ 29న అట్లాంటా దగ్గర కానియర్స్‌లో పూల్ కెమికల్స్ ప్లాంటు తగలబడినప్పుడు మనందరం ఎక్కడున్నాం? ఐ-20 హైవే మూసేశారు, చుట్టుపక్కల వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ క్లోరిన్ వాసన అట్లాంటా దాకా వచ్చింది. ఆ సరుకు నా గరాజ్‌లో పెట్టుకోమంటావా?

ఫ్రిస్కో_పూలోడు
అక్కా, అక్కడ తగలబడ్డది పొడి సరుకు, ట్రైక్లోర్ లాంటివి. నీళ్లు తగిలి రగిలింది. నేను చెప్పేది నీళ్లలో కలిపి అమ్మే లిక్విడ్, బట్టలకి వాడే బ్లీచ్‌కి అన్న. యాసిడ్ డబ్బా పక్కన పెట్టకుండా, వారానికి సరిపడా కొనుక్కుంటే చాలు. ఇక 15 అనేది మార్చే వారం రోజులే. ఆ వారం ఎవరూ దిగకూడదని రాయకపోవడం నా తప్పే.

గోదారి_మాస్టారు
పిల్లలూ, మధ్యలో వస్తున్నాను. రాజమండ్రిలో నీళ్ల ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను.

అమ్మా, మీ స్ట్రిప్ చెప్పింది సున్నా కాదు, మరీ ఎక్కువని. క్లోరిన్ పది దాటిందంటే స్ట్రిప్ మీది రంగునే తినేస్తుంది. తెల్లగా కనబడుతుంది. పాపం ఆయన లేదనుకుని పోశారు. క్లోరిన్ తగిలితే గులాబీగా మారే డీపీడీ మందు వేసి, రంగు గొట్టంతో పోల్చి చూసే టెస్టులోనూ ఇదే మోసం ఉంది. గులాబీ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది, చూసేవాడు తల తిప్పితే అంతే.

మా రోజుల్లో ఆర్థోటాలిడిన్ చుక్కలు ఉండేవి. వేస్తే పసుపు. కుళాయి చివర 0.2 కనబడితే ఆ వీధికి ఢోకా లేదనేవాళ్లం. అది మొత్తం క్లోరిన్‌ని చూపిస్తుంది. పనిచేసేదెంత, చెమటతో మూత్రంతో కలిసి పనికిరాకుండా పోయిందెంత అని విడదీసి చెప్పదు. కళ్లు మండించేదీ, ఘాటుగా కంపు కొట్టేదీ ఎక్కువగా ఆ రెండోదే.

కమ్మింగ్ అబ్బాయీ, నువ్వు చుక్కలు లెక్కపెట్టే కిట్ కొనుక్కో. 10 మి.లీ. పూల్ నీళ్లు తీసుకో, మోచేతి లోతు నుంచి, పైపైన కాదు. డీపీడీ పొడి చెంచాడు వెయ్యి. రోజ్ మిల్క్ రంగు వస్తుంది. కిట్‌లోని మొదటి సీసాలోంచి ఒక్కో చుక్కా వేస్తూ తిప్పు, ఆ రంగు పూర్తిగా పోయేదాకా. ఒక్క చుక్కకి 0.5 పీపీఎం. ముప్పై చుక్కలు పడితే 15. తర్వాత రెండో సీసాలోంచి అయిదు చుక్కలు వెయ్యి. మళ్లీ గులాబీ తిరిగితే ఆ కలిసిపోయిన క్లోరిన్ అదన్నమాట, దాన్నీ చుక్కలతోనే కొలువు. బైగ్వనైడా క్లోరినా అన్న పేచీ నాకు ముఖ్యం కాదు. షాపువాడి కాగితం చూసి పోసేవాడికి ఏదైనా ఒకటే.

క్లోరిన్ పదికి పైన ఉన్నప్పుడు పీహెచ్ చూడకు, ఆ టెస్టులో వేసే ఫినాల్ రెడ్ చుక్కలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మొదలుపెట్టకముందే 7.2 దగ్గరికి తెచ్చుకో.

మొయినాబాద్_తోట
అన్నా, మాది హైదరాబాద్ బయట ఫార్మ్‌హౌస్. బైగ్వనైడ్ పేరే వినలే. మా దగ్గర పూల్ చూసే పిల్లగాడు మూడేళ్లు క్లోరిన్ బిళ్లలే వేసిండు. క్లోరిన్ ఉంది గానీ నీళ్లు పచ్చగయితుండె. ఎందుకో సమజ్ కాలే. ఆ బిళ్లల్ల సయనూరిక్ యాసిడ్ ఉంటదంట, క్లోరిన్ 10 పెరిగితే అది 6 పెరుగుతది, కానీ పోదు. అది ఎక్కువైతే క్లోరిన్ సరిగ్గ పనిచెయ్యదంట. టెస్ట్ గొట్టంల నీళ్లు పోస్తుంటే అడుగున నల్లచుక్క ఎంత తొందరగ మాయమైతే అది అంత ఎక్కువున్నట్టు. మాకు కొంచెం పోయంగనే మాయం. 100 పైనే. సగం నీళ్లు తీసేసి ట్యాంకర్లు తెప్పించిన, బోరు నీళ్లేమో గట్టి నీళ్లాయె. మారితే మారు, బిళ్లలతో మాత్రం మారకు.

ఫ్రిస్కో_పూలోడు
కరెక్ట్. మార్చేటప్పుడు బిళ్లలు అస్సలు వద్దు. సయనూరిక్ ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడే గొడుగు, అది 30 దాకా కావాలి, కానీ పని పూర్తయ్యాకే. అప్పటిదాకా గొడుగు లేదు కాబట్టి మధ్యాహ్నం పోసింది గంటలోనే సగం పోతుంది. సాయంత్రాలు పొయ్యి.

ఆల్ఫారెట్టా_అక్క
మాస్టారు చెప్పిన స్ట్రిప్ సంగతి మావారికి చదివి వినిపించా. ఆయన మొహం చూడాలి. సరే, అది మా టెస్ట్ తప్పే. అయినా ఎగ్జిమా పాప ఉన్న ఇంట్లో నేను మార్చను. ఉన్న జిగురుని బ్రష్‌తో రుద్ది, ఇసుక మార్చి, ఈ సీజన్ నడిపించొచ్చు కదా?

గోదారి_మాస్టారు
నడిపించొచ్చమ్మా. రుద్దితే ఎంతకాలం ఆగుతుందో చూసి నిర్ణయించుకోవచ్చు. పాపకి ఏది పడుతుందో వాళ్ల డాక్టరుని అడగాలి, నన్ను కాదు. మామూలు రోజుల్లో క్లోరిన్ కనీసం 1, సయనూరిక్ ఉంటే 2, పీహెచ్ 7.0 నుంచి 7.8 అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. 15తో ఆ మామూలు రోజుల్ని కొలవకండి.

కమ్మింగ్_కాపురం
అప్‌డేట్. పాప డాక్టరు సరిగ్గా నడిపే క్లోరిన్ పూల్ ఫరవాలేదు, బయటికి రాగానే స్నానం చేయించి క్రీమ్ రాయమన్నారు. దాంతో మా ఆవిడ సగం ఒప్పుకుంది. మిగతా సగం నీళ్లు చూశాక చెబుతుందట.

ఇవాళ మూడో రోజు. మొదటి గ్యాలన్ పోయగానే మీరు చెప్పినట్టే ఆవపిండి కలిపినట్టు పసుపు. ఇప్పుడు తెల్లగా ఉంది, రెండో మెట్టు కనబడట్లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి 30 చుక్కలు. పొద్దున ఆరింటికి, ఎండ రాకముందే, 19 చుక్కలు, అంటే 9.5. అయిదు చుక్కలు వేశాక గులాబీ మళ్లీ తిరిగింది, అది పోవడానికి 4 చుక్కలు పట్టాయి. తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో చూసి "అదేంట్రా కుడితి తొట్టిలా ఉంది, గేదెల్ని కొన్నారా?" అంది.

ఫ్రిస్కో_పూలోడు
రాత్రికి రాత్రి 5.5 పోయిందంటే లోపల ఇంకా చాలా ఉంది. ఆ తేడా 1కి దిగి, రెండో లెక్క, అంటే కలిసిపోయిన క్లోరిన్, 0.5కి వచ్చి, అడుగు కనబడాలి. మూడూ కలిసి రావాలి. ఫిల్టర్ ప్రెషర్ చూస్తూ బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి పంపి ఇసుక కడగడం) చెయ్, పంపు ఆపకు.

ఆల్ఫారెట్టా_అక్క
కమ్మింగ్ గారూ, ఆ చుక్కల కిట్ ఎంతైంది? కొంటానని కాదు. ఊరికే అడుగుతున్నా.