ఎంఏ సోషియాలజీ అయింది, రెజ్యూమేలో ఏం రాయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది విశాఖలో ఎండాడ. మొన్ననే ఎంఏ సోషియాలజీ పూర్తయింది. సిరిపురంలో ఒక ఆఫీసుకి ఇంటర్వ్యూకెళ్తే "అంటే సోషల్ వర్కేనా?" అన్నారు. కాదన్నాను గానీ మరేమిటో చెప్పడానికి నోరు పెగల్లేదు. రెజ్యూమేలో కమ్యూనికేషన్ స్కిల్స్, టీమ్ వర్క్ అని రాశా, మా బ్యాచ్ అందరిదీ అదే ఫార్మాట్. డిజర్టేషన్ (ఎంఏలో రాసే పరిశోధన వ్యాసం) ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆడవాళ్ల మీద చేశా. అది ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: నేనూ సోషియాలజీయే చెల్లీ, సర్వే పనుల్లో ఉన్నా. ఎంతమందితో మాట్లాడావు? ప్రశ్నలు ఎవరు రాశారు? ఎక్కడైనా బెడిసికొట్టిందా? ముందు అది చెప్పు.

అడిగినవారు: 48 మందితో అన్నా. ప్రశ్నలు నేనే రాశా, గైడ్ సార్ దిద్దారు. "నెలకు ఆదాయమెంత?" అంటే ఒక్కరూ చెప్పలేదు. ఏ రోజు లెక్క ఆ రోజుదే కదా. తర్వాత "నిన్న వేలంలో బుట్ట ఎంతకు పాడేవు పిన్నీ, ఎంతకు అమ్మేవు, ఐసుకీ ఆటోకీ ఎంత పోయింది?" అని అడిగితే గడగడా చెప్పేశారు. పొద్దున్నే వేలం హడావుడిలో వెళ్తే కసిరేవారు, మధ్యాహ్నాలకి మార్చుకున్నా.

జవాబు: ఇంత సరుకు పెట్టుకుని టీమ్ వర్క్ అని రాస్తావేంటమ్మా! ఆ లైన్లు తీసేసి ఇలా రాయి: "చేపలమ్మే 48 మంది మహిళలతో ముఖాముఖి సర్వే చేశాను. నెల ఆదాయం ప్రశ్నకు జవాబులు రాకపోతే, దాన్ని రోజువారీ కొనుగోలు, అమ్మకం, ఖర్చులుగా విడగొట్టి మళ్లీ అడిగాను." సోషల్ వర్కేనా అని ఇంకెవరైనా అడిగితే ఈ బుట్ట కథే చెప్పు. ఆ 48 మందిని ఎలా ఎంచుకున్నావని తప్పకుండా అడుగుతారు. తెలిసినవాళ్ల ద్వారా దొరికినవాళ్లయితే అలాగే ఒప్పుకో, విశాఖలో చేపలమ్మేవాళ్లందరి లెక్కా ఇదేనని మాత్రం అనకు. వాళ్ల పేర్లు, ఫొటోలు ఎవరికీ చూపించొద్దు.

అడిగినవారు: ఇలాంటి పని ఎవరిస్తారన్నా?

జవాబు: సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు జనం మేలు కోసం చేసే పనుల వైపు చూడు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికొచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం దీనికి ఖర్చుపెట్టాలి. 2021 సవరణ తర్వాత, అలా పెట్టాల్సిన ఖర్చు సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు కోటి, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టుల వల్ల జనానికి ఏం ఒరిగిందో బయటి సంస్థతో అంచనా వేయించాలి. ఊళ్లలో తిరిగి అడిగేవాళ్లు ఆ సంస్థలకి కావాలి. మార్కెట్ రీసెర్చ్ కంపెనీలదీ ఇదే పని, కాకపోతే అక్కడ సబ్బులూ షాంపూలూ.

ఇంకొకరు: అంతా బాగుంది గానీ, ఎక్సెల్ రాకపోతే ఎవరూ పిలవరు. పివట్ టేబుల్ (ఎక్సెల్లో పెద్ద లెక్కల్ని చిన్న పట్టికగా కూర్చే పద్ధతి) నేర్చుకో తల్లీ. మా ఆఫీసులో ముందు అదే చేయించి చూస్తాం.

అడిగినవారు: కొంచెం వచ్చండి. సర్వే ఫారాలు అటక మీదున్నాయి, పాత పేపర్లతో పాటు అమ్మ తూకానికి వేసేయకముందే దింపి ఎక్సెల్లోకి ఎక్కిస్తా.