కంటి శుక్లం ఆపరేషన్‌కి ఇన్ని రక్తపరీక్షలా?

హూడి అబ్బాయి:
అమ్మకి 64 ఏళ్లు. అనంతపురం నుంచి తీసుకొచ్చి కన్ను చూపిస్తే శుక్లం ముదిరింది, చుక్కల మందుతో మత్తిచ్చి చేసేస్తాం, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు అన్నారు. సరే అనుకునేలోపు టెస్టుల చీటీ చేతిలో పెట్టారు. సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు), లివర్, థైరాయిడ్, రక్తం గడ్డకట్టే టైము, హెచ్‌ఐవీ, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే. మొత్తం 5,600. అమ్మ వాడేది బీపీ మాత్ర ఒక్కటే. "చూపించింది కన్ను, పొడిచేది చెయ్యా?" అంటోంది. ఇవన్నీ అవసరమేనా?

మారతహళ్ళి అక్క:
చేయించు తమ్ముడూ. మా నాన్నకి హెర్నియా ఆపరేషన్‌కి ముందు చూస్తే షుగర్ 310. తనకి షుగరే లేదని ఆయన ధీమా! ఆరు వారాలు వాయిదా వేసి, అదుపులోకి వచ్చాకే చేశారు.

జేపీ నగర్ బ్రో:
నా కథ ఇంకోలా ఉంది. ముక్కు దూలం సరిచేసే ఆపరేషన్. గడ్డకట్టే టెస్టు కాస్త ఎక్కువొచ్చింది. ఇంకో స్పెషలిస్టు దగ్గరికి పంపారు, ఆఫీసులో పెట్టిన లీవులన్నీ తిరగడానికే సరిపోయాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి మళ్లీ రక్తం తీస్తే నార్మల్. మొదటిసారి ఆ టెస్టుకి వాడే నీలం మూత ట్యూబు గీత దాకా నింపలేదట. అలా తక్కువ తీస్తే రిజల్టు తప్పుగా ఎక్కువ చూపిస్తుందట.

మత్తు గది మనిషి:
మత్తు డాక్టర్ల దగ్గర టెక్నీషియన్‌గా చేస్తున్నాను. అక్కా, మీ నాన్నగారికి షుగర్ టెస్టు చేయడం మంచిదే అయింది. మనవాళ్లలో తెలియకుండా ఉన్న షుగర్ చాలా ఎక్కువ. కానీ దాన్ని చూపించి థైరాయిడ్, లివర్ కూడా చేయించమనలేం కదా.

శుక్లం సంగతైతే 2000లోనే తేలింది. అమెరికా, కెనడాల్లో 18 వేల మందికి పైగా రోగులను రెండు జట్లుగా చేసి చూశారు. టెస్టులు చేయించుకున్నవాళ్లలోనూ చేయించుకోనివాళ్లలోనూ ఇబ్బందులు ఒకేలా వచ్చాయి. బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా, ఆరోగ్యంగా ఉన్న మనిషికి చిన్న ఆపరేషన్‌కి ముందు అలవాటుగా రక్తపరీక్షలు వద్దంటాయి.

ఇంకోటి, నార్మల్ అన్న హద్దు గీసేదే ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేలా. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే, ఏ జబ్బూ లేకపోయినా ఒక్కటన్నా హద్దు దాటే అవకాశం 60 శాతం పైనే. జేపీ నగర్ బ్రోకి ట్యూబు వల్ల వచ్చింది, ఇంకొకరికి ఊరికే వస్తుంది.

నోటితో అడిగేవే ముఖ్యం. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగలేదా? మెట్లెక్కితే ఆయాసమా? రక్తం పల్చబడే మాత్రలున్నాయా? మగవాళ్లైతే ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. దాని వల్ల శుక్లం తీసేటప్పుడు కనుపాప అదుపులో ఉండదు. ఏ రక్తపరీక్షలోనూ ఈ సంగతి బయటపడదు.

వైట్‌ఫీల్డ్ వదిన:
హెచ్‌ఐవీ టెస్టుకి 2017 చట్టం ప్రకారం ముందు మీ అమ్మగారి ఒప్పుదల తీసుకోవాలి. బిల్లులన్నీ దాచండి, ఇన్సూరెన్సు పాలసీలో అడ్మిషన్‌కి ముందు ఖర్చులు ఇస్తారేమో చూసుకోండి.

హూడి అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. చీటీ పట్టుకెళ్లి "ఇందులో అమ్మకి ఏది ఎందుకు సార్?" అని మెల్లిగా అడిగాను. డాక్టరు చూసి లివర్, థైరాయిడ్, గడ్డకట్టే టెస్టు, ఎక్స్‌రే కొట్టేశారు. అది కౌంటర్లో అందరికీ ఇచ్చే అచ్చు చీటీయే అట! క్రియాటినిన్‌కి పోయిన నెల అనంతపురంలో చేయించిన రిపోర్టు చాలన్నారు. బిల్లు 1,700 అయింది. గురువారం ఆపరేషన్. అమ్మ ఇప్పుడు టెస్టుల సంగతి మర్చిపోయింది, కొన్నాళ్లు తలస్నానం చేయకూడదన్నారని గొణుగుతోంది.