ఏఐ డిటెక్టర్ చెప్పిందని అసైన్‌మెంట్‌కి సున్నా వేయొచ్చా?

డిగ్రీ లెక్చరర్: మా కాలేజీలో ఈ సెమిస్టర్ నుంచి అసైన్‌మెంట్లన్నీ ఏఐ డిటెక్టర్‌లో వేస్తున్నారు. ఏఐ రాసింది 20 శాతం దాటిందని అది చూపిస్తే సున్నా. నాకు సబబే అనిపిస్తోంది. చాట్‌జీపీటీతో రాయించుకున్నవాడికీ, రాత్రంతా కూర్చుని రాసుకున్నవాడికీ ఒకే మార్కులా?

బీఏ ఫైనలియర్: సార్, ఆ అంకె నమ్మితే మునిగేది మాలాంటి తెలుగు మీడియం వాళ్లమే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని అవి తేల్చాయి. మాకు వచ్చినవి చిన్న వాక్యాలు, తెలిసిన నాలుగు మాటలు. అదే వాటికి అనుమానం.

డిగ్రీ లెక్చరర్: అది పాత సంగతమ్మా. ఇప్పుడు మెరుగుపడ్డాయి కదా.

రీసెర్చ్ స్కాలర్: ఎంత మెరుగుపడినా అది అంచనాయే సార్. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐయే 2023 జూలైలో కచ్చితత్వం చాలడం లేదని తన డిటెక్టర్‌ను తీసేసింది. అసలు తికమక ఎక్కడంటే, కాపీ గురించిన 2018 యూజీసీ నిబంధనల్లో ఉన్న 10 శాతం, వేరే రచనలతో పోలికకు సంబంధించింది. ఏ వాక్యం ఎక్కడిదో పక్కనే కనిపిస్తుంది, మనమే సరిచూసుకోవచ్చు. ఏఐ శాతానికి అలా చూపించే మూలమే ఉండదు. మన కాలేజీలు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి.

డిగ్రీ లెక్చరర్: మరి వదిలేయమంటారా?

రీసెర్చ్ స్కాలర్: వదలొద్దు. దేనికి వాడారో చివర్లో రాయించండి. వ్యాకరణం దిద్దించుకుంటే తప్పులేదు, వాదన మాత్రం సొంతం కావాలి. ఏఐ పుట్టించిన, ఎక్కడా లేని పుస్తకాన్ని రిఫరెన్సుగా పెడితే మార్కులు కోయండి. అది రుజువయ్యే తప్పు. చిత్తుప్రతి అడగండి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ప్రశ్నలు వేయండి.

గెస్ట్ ఫ్యాకల్టీ: చెప్పడం తేలికే. 60 మందికి ఐదేసి నిమిషాలంటే ఐదు గంటలు. నాకు డబ్బులిచ్చేది క్లాసు చెప్పిన గంటలకే.

రీసెర్చ్ స్కాలర్: అందరినీ పిలవక్కర్లేదు. చీటీలు తీసి పది మందిని పిలవండి. ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ చదువుకునే వస్తారు.

డిగ్రీ లెక్చరర్: చీటీల పద్ధతి బాగానే ఉంది, డిపార్ట్‌మెంట్‌లో అడుగుతాను. డిటెక్టర్ మాత్రం మేనేజ్‌మెంట్ డబ్బు పెట్టి కొన్నది, ఆపడం నా చేతిలో లేదు.

బీఏ ఫైనలియర్: కనీసం ఆ రిపోర్టయినా విద్యార్థులకు చూపించమనండి సార్. మా కాలేజీలో అడిగితే ఇవ్వడం లేదు.