ఈ డిప్లాయ్‌మెంట్ పెట్టినది ఎవరు?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నుంచి):
సోమవారం ఆఫీసులో అడుగుపెట్టేసరికి మా నాలుగో అంతస్తు కంప్యూటర్లన్నీ వాటంతట అవే రీస్టార్ట్ అవుతున్నాయి. అకౌంట్స్ వారి కోపం చూసి తీరాలి! కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకే చోటి నుంచి సాఫ్ట్‌వేర్ పంపే మైక్రోసాఫ్ట్ సాధనం) ఎవరో పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌ను తప్పనిసరి చేసి, పరీక్ష కలెక్షన్‌కు (ప్రయోగానికి ఉంచిన కంప్యూటర్ల గుంపుకు) బదులు అంతస్తు మొత్తానికీ పంపారు. ఇలా పంపడాన్నే డిప్లాయ్‌మెంట్ అంటారు. అధికారం ఉన్నది ఆరుగురికి. ఆరుగురూ "నేను కాదు" అనేవారే. కొత్తగా చేరినవాణ్ణి కనుక చూపులన్నీ నా మీదే. పేరు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు (కోరమంగల నుంచి):
కంగారు పడకండి తమ్ముడూ. ఆ సాధనంలోనే మానిటరింగ్‌లో సిస్టమ్ స్టేటస్ కింద స్టేటస్ మెసేజ్ క్వెరీలు, అంటే జరిగిన పనుల సందేశాలను వెతికే ప్రశ్నలు ఉంటాయి. డిప్లాయ్‌మెంట్ల సృష్టి, మార్పు, తొలగింపులకు సంబంధించిన క్వెరీ వాటిలో సిద్ధంగానే ఉంటుంది. దాన్ని నడిపి 30226 అనే సందేశ సంఖ్య వెతకండి, అది అప్లికేషన్ డిప్లాయ్‌మెంట్ సృష్టి. 30227 మార్పు, 30228 తొలగింపు. పాత పద్ధతి ప్యాకేజీ అయితే సృష్టి సంఖ్య 30006. ఖాతా పేరు, సమయం రెండూ కనిపిస్తాయి.

జవాబు (మారతహళ్లి నుంచి):
వెంటనే చూసి, ఫైలుగా దాచుకోండి. గడువును ఎవరూ మార్చకపోతే ఈ ఆడిట్ సందేశాలు (ఎవరు ఏం చేశారో చెప్పేవి) 180 రోజులు ఉంటాయి, తరువాత తొలగిపోతాయి. మా దగ్గర ఏడాది తరువాత వెతికాము, ఏముంటుంది? ఇంకో మాట, నలుగురూ ఒకే ఖాతా వాడుతుంటే పేరు దొరికినా దండగే.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, దొరికింది. శుక్రవారం సాయంత్రం 6:40, సంఖ్య 30226. మీరు భయపడినట్టే ఉమ్మడి ఖాతా! అయితే పక్కనే సిస్టమ్ అనే గడిలో కంప్యూటర్ పేరు ఉంది. అది మా మేనేజర్ ల్యాప్‌టాప్. ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి?