ఇంట్లో చదివిన పిల్లల పాత నోటు పుస్తకాలు, రికార్డులు: ఏవి దాచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న (కావలి):

అందరికీ నమస్కారం. మా పిల్లలిద్దరూ మొదటి నుంచీ బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుంటున్నారు. అబ్బాయికి పద్నాలుగేళ్లు నిండాయి కాబట్టి ఎన్ఐఓఎస్ (బడికి వెళ్లనివారు కూడా చదివి పరీక్షలు రాయగల జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ)లో పదో తరగతికి చేర్పించే ప్రయత్నంలో ఉన్నాం. అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి పాఠాలు మొదలుపెట్టింది. ముందు ఒంగోలులో ఉండేవాళ్లం. అబ్బాయి ఆరో తరగతి పాఠాలు చదివే రోజుల్లో మావారి ఉద్యోగరీత్యా కావలికి వచ్చాం. ఇప్పుడు ఇదే ఊళ్లో ఇంతకంటే చిన్న ఇంటికి మారవలసి వచ్చింది. అటక మీద అట్టపెట్టెల నిండా వాళ్ల నోటు పుస్తకాలు, బొమ్మలు, నేను తయారుచేసిన ప్రశ్నపత్రాలు, ఏ రోజు ఏం చదివారో రాసుకున్న డైరీలు ఉన్నాయి. పాత పేపర్లవాడికి వేసేద్దామని మావారు అంటున్నారు. నాకు చేతులు రావడం లేదు. అలాగని అన్నింటికీ కొత్త ఇంట్లో చోటూ లేదు.

అమెరికా తల్లిదండ్రులు రాసే సలహాలు చదివితే ప్రతి సంవత్సరం పనినీ తేదీలవారీగా ఫైలు చేయాలనీ, చదివిన పుస్తకాల జాబితా ఉంచాలనీ ఉంటుంది. మనకూ అది అవసరమా? రేపు ఏ కాలేజీవారైనా, ఏ కార్యాలయంవారైనా అడిగితే చూపించవలసిన కాగితాలు ఏవి? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు):

మా అమ్మాయి కూడా ఇంట్లోనే చదివి, ఎన్ఐఓఎస్ ద్వారా పది, ఇంటర్ స్థాయి పూర్తిచేసి ఇంజనీరింగులో చేరిందండీ. ముందుగా అమెరికా సంగతి చెబుతాను. అక్కడ పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో చదివిన పుస్తకాల పట్టిక, పిల్లల రాతల నమూనాలు సంవత్సరాంతంలో అర్హులైన వ్యక్తికి చూపించాలని చట్టమే ఉంది. అందుకే వాళ్లు అంత జాగ్రత్తగా ఫైళ్లు కడతారు. మన దగ్గర ఇంటి చదువుకు అటువంటి తనిఖీ ఏదీ లేదు. ఎన్ఐఓఎస్ పదో తరగతిలో చేరడానికి కూడా ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేనివారు, ఆ కోర్సు చదవగలిగినంత చదువు తమకు వచ్చునని స్వయంగా ధ్రువీకరిస్తే సరిపోతుంది. పుట్టినతేదీకి మాత్రం ఆధారం కావాలి. కనుక ఏ కార్యాలయం కోసమూ మీరు నోటు పుస్తకాలు దాచనక్కరలేదు.

అయితే చాలామంది పట్టించుకోనిది, మీ విషయంలో మరీ ముఖ్యమైనది, నివాసానికి సంబంధించిన కాగితాలు. ఇంటర్ తరువాత మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ వంటి కోర్సుల్లో చేరేటప్పుడు 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు ఉంటాయి. ఇందుకోసం రాష్ట్రాన్ని విశ్వవిద్యాలయాల పేర్లతో రెండు స్థానిక ప్రాంతాలుగా విభజించారు. ప్రకాశం జిల్లా ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తుంది. నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తుంది. అంటే ఒంగోలు నుంచి కావలికి రావడంతో మీరు ఒక స్థానిక ప్రాంతం నుంచి మరొకదానికి మారినట్టే. బడిలో చదివిన పిల్లలు ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తారు. విద్యాసంస్థలో చదవనివారు అర్హత పరీక్షకు, అంటే ఇంటర్ స్థాయి పరీక్షకు, ముందు ఏడేళ్లు ఎక్కడ ఉన్నారో తెలిపే నివాస ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. రెండు ప్రాంతాల్లోనూ ఉన్నవారి విషయంలో ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ ఉన్నారన్నదే లెక్కకు వస్తుంది. కాబట్టి రెండు ఊళ్ల అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు, గ్యాసు పుస్తకం, చిరునామా మార్పు తేదీ తెలిసే కాగితం, ఇవన్నీ పిల్లలిద్దరి ఇంటర్ అడ్మిషన్లు, కౌన్సెలింగులు పూర్తయ్యేదాకా భద్రంగా ఉంచండి. మీ అమ్మాయి ఏడేళ్ల లెక్క సరిగ్గా ఇప్పుడే మొదలవుతోంది.

ఇక జనన ధ్రువపత్రం, ఎన్ఐఓఎస్ నమోదు రసీదు, గుర్తింపు కార్డు, హాల్ టికెట్, మార్కుల మెమో శాశ్వతంగా ఉండాలి. మెమోతోపాటు మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ వస్తుంది. జూనియర్ కాలేజీవారు టీసీ అడిగినప్పుడు ఇచ్చేది అదే, పోగొట్టుకోకండి. అసలు పత్రాలకు లామినేషన్ చేయించవద్దు, తరువాత వాటిమీద ముద్ర వేయవలసి వస్తే ఇబ్బంది.

జవాబు (నెల్లూరు, విశ్రాంత ఉపాధ్యాయుడు):

అమ్మా, పైన చెప్పిన కాగితాల విషయంలో నేను కలపవలసింది లేదు. నోటు పుస్తకాల గురించి మాత్రం నా అభిప్రాయం చెబుతాను. కార్యాలయాలకు అక్కరలేదు కాబట్టి అన్నీ తూకానికి వేయవచ్చు అనుకోవద్దు. బడి పిల్లవాడికి ప్రోగ్రెస్ కార్డు ఉంటుంది, ఉపాధ్యాయుల జ్ఞాపకం ఉంటుంది; ఇంట్లో చదివిన పిల్లవాడు ఎలా ఎదిగాడో చెప్పగలిగేవి ఆ పుస్తకాలే.

కానీ ఎంచుకునే పద్ధతిలో చాలామంది పొరపడతారు. ముత్యాల్లాంటి దస్తూరీతో, ఎర్రసిరా గీత ఒక్కటీ లేకుండా ఉన్న పుస్తకాన్ని దాచి, కొట్టివేతలు ఉన్నదాన్ని పారేస్తారు. నేనైతే తిరగవేసి చెబుతాను. చూచిరాతలు, ఎక్కాలు, పాఠ్యపుస్తకంలోని జవాబులు ఎత్తిరాసినవి తీసేయండి. అవి ఏ పిల్లవాడివైనా ఒకేలా ఉంటాయి. భాగహారంలో తరువాతి అంకెను కిందికి దించకుండా వరుసగా తప్పు చేస్తూ పోయి, ఒక పేజీలో హఠాత్తుగా అంచున తనే చిన్న బాణం గీసుకుని, అక్కడినుంచి సరిగ్గా చేసిన లెక్కల పుస్తకం దొరికితే అది దాచవలసిన పుస్తకం. నా మనవరాలు నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లివచ్చినప్పుడల్లా గూడబాతు (పెలికన్) బొమ్మ వేసేది. మొదటి బొమ్మలో ముక్కు సంచి మెడకు వేలాడుతూ ఉంటుంది, తరువాతి ఏటి బొమ్మలో కింది ముక్కుకు అతుక్కుంటుంది, ఆ పై ఏడు పక్కనే ‘పిల్ల తల సంచిలోపల పెట్టి తింటోంది’ అని రాసి ఉంటుంది. ఆ మూడు కాగితాలు మాత్రమే ఉంచి, మిగిలిన రంగుల పుస్తకాలన్నీ తీసేశాం.

సంవత్సరానికి ఒక పలుచని ఫైలు చాలు. మొదటి పేజీలో ఆ ఏడు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ పుస్తకాలు చదివారు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు అని మీ చేతిరాతతో రాసి పెట్టండి. ప్రశ్నపత్రాలు ఉంచనవసరం లేదు. డైరీల మాట వేరు. అవి తీసుకునే చోటు తక్కువ, చెప్పేది ఎక్కువ కనుక అన్నీ ఉంచవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టు వెతికితే అబ్బాయి లెక్కల పుస్తకాల్లో దాచదగ్గవి దొరికాయి. కానీ వాడు తన ఏడో ఏట రాసిన కథల పుస్తకం చింపేస్తానని పట్టుబడుతున్నాడు. నాకేమో అది అన్నిటికంటే ఇష్టం. ఇంకొక సందేహం: సముద్రపు గాలికి, వర్షాకాలపు చెమ్మకు ఇక్కడ కాగితాలు త్వరగా పాడవుతున్నాయి. ఎలా కాపాడుకోవాలి?

జవాబు (సింగరాయకొండ):

నేను ఇంట్లో చదివి పెరిగినదాన్ని అక్కా, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. కథల పుస్తకం మీ అబ్బాయిది, కనుక నిర్ణయం కూడా అతనిదే కావాలని నా మనవి. అయితే పద్నాలుగేళ్ల వయసులో సిగ్గుగా అనిపించినవి ఇరవై దాటాక అలా అనిపించవు. నా విషయంలో మా అమ్మ అటువంటి పుస్తకాలను ఒక కవరులో పెట్టి, అతికించి, పైన నా పేరు రాసి, నేను అడిగేదాకా ఎవరూ తెరవరని మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. అందువల్లే నేను మిగతావి చూపించడానికి సంకోచించలేదు. మీ అబ్బాయి ఆ ఒప్పందానికి కూడా ఒప్పుకోకపోతే చింపనివ్వండి. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె పుస్తకాలు ఆమె చేతే ఎంపిక చేయించండి.

భద్రపరిచే ముందు గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. ఈ గాలికి పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, రబ్బరు కరిగి అంటుకుంటుంది. చిరిగినచోట సెలోటేపు వేయకండి, కొన్నాళ్లకు పసుపు మరక అవుతుంది. బిల్లు మిషన్ నుంచి వచ్చే నున్నటి రసీదుల మీద అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి వాటిని వెంటనే జిరాక్స్ తీయించి పెట్టుకోండి. అట్టపెట్టెలు చెదలకు ఆహారం. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా గానీ ఇనప ట్రంకు గానీ వాడి, నేలమీద కాకుండా ఇటుకల మీద, గోడకు కాస్త ఎడంగా ఉంచండి. తుఫాను రోజులు దాటాక, ఎండ బాగా ఉన్న రోజున తెరిచి నీడపట్టున ఆరబెట్టండి. బొమ్మలను ఫోటో తీసి రెండు చోట్ల దాచుకుంటే అసలువి కొన్ని తీసేయడానికి మనసు ఒప్పుతుంది.

చివరిగా ఒక జాగ్రత్త. పాత పేపర్లవాడికి వేసేముందు ప్రతి పుస్తకం అట్టలోపల, మధ్య పేజీల్లో చూడండి. మా ఇంట్లో ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు పిల్లల పుస్తకాల్లోనే దొరికాయి.